సీనియర్ గీసిన గీత

జూన్ 9

జర్నల్ నుంచి మెయిల్ వచ్చింది. పేపరు తిప్పి పంపలేదు, అలాగని తీసుకుంటామనీ అనలేదు. పేపరు పరిశీలించిన రెండో రిఫరీ ఒక్కటే అడిగాడు. పేపర్లో చెప్పిన పొడిని మొదటి నుంచీ మళ్ళీ తయారుచేసి, ఇదే ఫలితం వస్తుందని చూపించండి అన్నాడు. రెండు నెలలు గడువు.

గైడు నన్ను గదిలోకి పిలిచి స్క్రీన్ నా వైపు తిప్పారు. రచయితల వరసలో మొదటి పేరు సీనియర్‌ది. పేరు పక్కన చిన్న శిలువ గుర్తు. మనిషి ఇప్పుడు లేడని చెప్పడానికి అలా వేస్తారట. ఎవరు పెట్టారని అడిగాను. నేనే పెట్టానమ్మా, పెట్టాలి కదా అన్నారు. అందులో తప్పేమీ లేదు. అయినా ఆ పూటంతా ఆయన మీద కోపంగానే ఉన్నాను.

శాంపిళ్ళు నువ్వు చేస్తావా, ఇంకెవరికైనా అప్పజెప్పనా అన్నారు. నేనే చేస్తానన్నాను. ఆ పొడి ఇంకొకళ్ళు ముట్టుకుంటే ఊరుకునేదాన్ని కాదు.

జూన్ 10, ఉదయం

అత్తయ్యకి చెప్పాను. అయితే పేపరు పడుతుందన్నమాట అంది. ఇంకా ఖాయం కాలేదన్నాను. సగమే వింది.

మా ఇంట్లో పేపరు అనే మాటకి ఓ కథ ఉంది. మా పెళ్ళైన కొత్తలో సీనియర్ మొదటి పేపరు అచ్చయింది. అమ్మా, నా పేపరు పడిందే అన్నాడు. అత్తయ్య వీధి చివర కొట్టుకెళ్ళి ఉన్న దినపత్రికలన్నీ ఒక్కోటి చొప్పున కొనుక్కొచ్చి, సినిమా పేజీ కూడా వదలకుండా వెతికింది. సీనియర్ కడుపు పట్టుకుని నవ్వాడు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా అంతకాలం చేసినదాన్ని, నాకు రాంగ్ నంబర్ కలుపుతావురా అని అత్తయ్య ఒక మొట్టికాయ వేసింది.

నేను మొగుణ్ణి సీనియర్ అనడం కూడా ఆవిడకి వేడుకే. ల్యాబ్‌లో నాకంటే ముందు చేరాడు కాబట్టి అలా పిలిచాను, తరవాత మార్చుకోలేకపోయాను. ర్యాంకు పెట్టి పిలిచే కోడలు నాకే దొరికిందని అందరికీ చెప్పేది.

పోయిన ఏడాది ఓ దినపత్రికలోనే పడింది తన పేరు. లోపలి పేజీలో నాలుగు లైన్లు. మలుపులో లారీ, స్కూటరు, పరిశోధక విద్యార్థి దుర్మరణం. ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు. ఆ మర్నాటి నుంచి అత్తయ్య ఇంటికి పేపరు మానిపించేసింది.

ఇవాళ కాఫీ గ్లాసు కడుగుతూ, నా వైపు చూడకుండా అంది. వాడి పేరు అచ్చులో ఆఖరిసారి పడింది అదే కాకూడదే అమ్మాయ్.  నాకూ అదే కోరిక.

జూన్ 14

సీనియర్ డెస్కు నేనింకా సర్దలేదు, దుమ్ము మాత్రం తుడిచాను.

తనదీ నాదీ ఒకే ల్యాబైనా పనులు వేరు. నాది ఫెర్రైట్. ఇనుమూ కోబాల్టూ కలిసిన నల్లటి ఆక్సైడ్, పుట్టుకతోనే అయస్కాంతం. దాన్ని ఎంత చిన్న రేణువులుగా చేస్తే అంత బలం తగ్గుతుంది. లోపలి అణువులు ఒకే దిక్కు చూస్తాయి, పైపొరలోవి తలో దిక్కూ చూస్తాయి. మరీ చిన్న రేణువంటే దాదాపు అంతా పైపొరే. ఇక మాట వినే వాళ్ళెవరు? పక్కన అయస్కాంతం పెట్టినంతసేపు బుద్ధిగా నిలబడతాయి. తీసేస్తే ఎవరి దారి వాళ్ళదే.

సీనియర్‌ది సీరియం ఆక్సైడ్. లేత పసుపు పొడి. మామూలుగా అది అయస్కాంతమే కాదు. కానీ సీనియర్ చేసిన శాంపిళ్ళలో రేణువు చిన్నదయ్యేకొద్దీ అయస్కాంతత్వం పుట్టుకొచ్చింది. ముప్ఫై నానోమీటర్ల దాంట్లో ఉందా లేదా అన్నట్టు, పదిహేను దాంట్లో స్పష్టంగా, ఆరు దాంట్లో బ్రహ్మాండంగా. చిన్న రేణువు పైపొరలో ఆక్సిజన్ ఊడిపోయి ఖాళీలు పడతాయి, ఆ ఖాళీలదే ఈ మహిమంతా అని తన వాదన. అలా అనేవాళ్ళు చాలామందే ఉన్నారు. నమ్మని వాళ్ళూ ఉన్నారు.

నీవి చిన్నవైతే నీరసపడిపోతాయి, నావి చిన్నవైతే పుంజుకుంటాయి, ఎవరి పెంపకం మంచిదో చూడు అని ఏడిపించేవాడు. ఓసారి వంటింట్లోంచి ఆ మాట విని, విశేషమేమో అనుకుని అత్తయ్య గరిటె చేత్తోనే పరుగెత్తుకొచ్చింది. ఆక్సైడ్ల సంగతని తెలిశాక ఇద్దర్నీ కలిపి తిట్టింది.

జూన్ 21

మొదటి బ్యాచ్ కాల్చడం అయిపోయింది. మూడు వేడిమిలలో మూడు క్రూసిబుల్స్, అంటే పొడి కాల్చే పింగాణీ గిన్నెలు. తక్కువ వేడిలో కాలిస్తే చిన్న రేణువులు, ఎక్కువ వేడిలో కాలిస్తే పెద్దవి. రంగు సీనియర్ పొడి రంగే వచ్చింది. ట్యూబులో వేసి వెలుతురుకి పట్టుకున్నాను. తనే చేసి పెట్టినట్టుంది.

జూన్ 24

రేణువుల సైజు చెప్పే ఎక్స్-రే రిపోర్టు వచ్చింది. ఆరు, పదిహేను, ముప్ఫై. అచ్చు తన సైజులే. సంతోషం పట్టలేక అత్తయ్యకి ఫోన్ చేశాను. కాస్త లైన్లో ఉండు అని పొయ్యి కట్టేసి వచ్చి మొత్తం మళ్ళీ చెప్పించుకుంది.

జూన్ 27

మెషీన్ రూమ్‌లో ఇవాళ మా వంతు. శాంపిల్‌ని అయస్కాంతాల మధ్య వణికించి, స్క్రీన్ మీద గీత గీస్తుంది ఆ మెషీన్. శాంపిల్లో అయస్కాంతత్వం ఉంటే గీత ఎస్ అక్షరంలా వంపు తిరుగుతుంది. లేకపోతే వాలుగా, తిన్నగా పోతుంది.

ఆరు నానోమీటర్ల పొడి పెట్టాం. తిన్నగా పోయింది.

మిగతా రెండూ అంతే.

జూన్ 28

నేనేదో తప్పు చేశాను.

జూలై 5

రెండో బ్యాచ్ కూడా తిన్నగానే. మెషీనే పాడైందేమో అన్నాను. మెషీన్ రూమ్ ఆపరేటరుకి రోషం వచ్చింది. నికెల్ ముక్క పెట్టి చూపించాడు, చక్కగా వంపు తిరిగింది. సీనియర్ చేసిన పాత పొడి ట్యూబు పెట్టమన్నాను. అదీ వంపు తిరిగింది. నా మెషీన్‌కి జబ్బేం లేదమ్మా, మీ పొడికే ఉంది అన్నాడు.

ఇంటికొచ్చాక అత్తయ్య ఏమైంది అంది. జరుగుతోంది అన్నాను. అబద్ధం కాదు కానీ నిజమూ కాదు.

జూలై 8

కుర్చీలో కూర్చుని నా చేతుల్ని నేనే చూసుకుంటూ పని చేశాను. ఏది వేరు? రసాయనాలు అవే సీసాల్లోవి. ఫర్నేసు అదే. నీళ్ళు అవే. క్రూసిబుల్స్ తనవే.

క్రూసిబుల్‌లోంచి పొడి తీస్తుండగా చెయ్యి ఆగిపోయింది. నా చేతిలో ఉన్నది ప్లాస్టిక్ స్పాట్యులా, పొడి గీకే చిన్న గరిటె. ఫెర్రైట్ చేసేవాళ్ళం ఎవరమూ స్టీలు ముట్టుకోం. ఆ నల్ల పొడి స్టీలు అంచుకి పట్టుకుని ఒక పట్టాన వదలదు. నాకది అలవాటైపోయి, చూసుకోకుండానే ప్లాస్టిక్‌ది తీసుకున్నాను. సీనియర్ పొడికి ఆ బాధ లేదు. తను స్టీలుదే వాడేవాడు.

గీకేటప్పుడు పొడిలో స్టీలు రాలిందేమోనని అనవసరంగా ఊహిస్తున్నాను. స్టెయిన్‌లెస్ స్టీలుకి అయస్కాంతం అంటుకోదు కదా.

జూలై 10

తన సొరుగులోంచి స్పాట్యులా తీశాను. పిడికి అయస్కాంతం ఆనించాను. అంటుకోలేదు, జారిపోయింది. హమ్మయ్య అనుకున్నాను.

తరవాత చివర ఆనించాను. అరిగిపోయి కాస్త వంకర తిరిగిన అంచు. టక్కున అంటుకుంది.

మంచి స్టెయిన్‌లెస్ కూడా వంచి, రాసి, సాగదీస్తే ఆ చోట అయస్కాంతమవుతుంది. పుస్తకంలో చదివినదే, పరీక్షలో రాసినదే. సీనియర్‌కీ తెలుసు. తనూ అయస్కాంతం పెట్టి చూసుకునే ఉంటాడు. కానీ మేమందరం పిడి దగ్గరే చూస్తాం, ఎందుకంటే అంచుకి పొడి ఉంటుంది, అయస్కాంతం పాడవుతుందని.

జూలై 12

మూడో బ్యాచ్‌ని తన స్పాట్యులాతో తీశాను. ఆరు నానోమీటర్లది వంపు తిరిగింది. తనకి వచ్చినంత లేదు, సగం కూడా లేదు. కానీ వంపే.

జూలై 13

ఇంకా ఒక్కటి అర్థం కాలేదు. స్టీలు పొడే కారణమైతే మూడింట్లోనూ ఒకేలా ఉండాలి కదా. రేణువు చిన్నదైనకొద్దీ ఎందుకు పెరగాలి?

ఇవాళ మూడు క్రూసిబుల్స్ పక్కపక్కన పెట్టుకుని తీస్తుంటే తెలిసింది. ఎక్కువ వేడిలో కాల్చిన ముప్ఫై నానోమీటర్ల పొడి కుంచించుకుని పెచ్చులా దానంతట అదే ఊడొస్తుంది. పదిహేనుది కాస్త బతిమాలితే వస్తుంది. ఆరుది గోడలకి కరుచుకుని ప్రాణాలు తీస్తుంది. నేనైతే రెండు మూడు సార్లు గీకి, వచ్చింది చాల్లే అని వదిలేస్తాను. సీనియర్ అలా వదిలే మనిషి కాదు. గిన్నెలో ఒక్క రవ్వ మిగలనిచ్చేవాడు కాదు. భుజం వంచి, నాలిక పంటి కింద పెట్టుకుని, క్రూసిబుల్ తెల్లగా కనిపించేదాకా గీకుతూనే ఉండేవాడు. భోజనానికి రా అంటే వస్తున్నా అనేవాడు, వచ్చేవాడు కాదు.

రేణువు ఎంత చిన్నదైతే అంత గీకాడు. ఎంత గీకితే అంత స్టీలు రాలింది. ఆక్సిజనూ లేదు, ఖాళీలూ లేవు. తన గ్రాఫులో పైకి వెళ్ళిన గీత తన ఓపిక.

బాత్రూమ్‌లో కుళాయి తిప్పి ఏడ్చాను.

జూలై 14

ల్యాబ్‌కి వెళ్ళలేదు. ఏమీ రాయబుద్ధి కావడం లేదు.

జూలై 15

గైడుకి చెప్పాను. స్పాట్యులా అంచుకి ఆయనే అయస్కాంతం ఆనించి చూశారు. ఈ ల్యాబ్‌లో వాడంత శుభ్రంగా పని చేసినవాడు లేడమ్మా అన్నారు. శుభ్రంగా చేశాడు కాబట్టే ఇలా అయింది సార్ అన్నాను. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, అద్దాలే తుడుచుకున్నారో కళ్ళే తుడుచుకున్నారో చూడలేదు.

తరవాత నెమ్మదిగా అన్నారు. రిఫరీ అడిగింది మళ్ళీ చేసి చూపమనే కదా. తన పనిముట్లతో చేస్తే వంపు వస్తోంది కదా. గడువింకా ఉంది, తొందరపడి ఏదీ చెయ్యకు. ఆలోచించుకో, నువ్వేం చేసినా నాకు సమ్మతమే అన్నారు. అంటే నా నెత్తిన పెట్టారు.

జూలై 17

 ఒక్క అబద్ధం కూడా ఆడనక్కర్లేదు. తన స్పాట్యులాతో గీకి, వచ్చిన వంపు పంపిస్తే చాలు. పేపరు పడుతుంది. తన పేరు, సరైన ఇంటిపేరుతో పడుతుంది. అత్తయ్య కోరిక తీరుతుంది. నా కోరికా తీరుతుంది. ఎక్కడో ఎవరో ఆ పేపరు నమ్మి తమ పొడిని మూడేళ్ళు గీక్కుంటూ కూర్చుంటారు, అంతే కదా. వాళ్ళెవరో నాకు తెలియను కూడా తెలియదు.

సీనియరే ఉంటే ఏం చేసేవాడు? ఈ ప్రశ్న వేసుకోవడం దండగ. పగలబడి నవ్వి, జర్నల్‌కి ఆ క్షణమే మెయిల్ కొట్టేవాడు.

జూలై 18

అత్తయ్యకి చెప్పాను. వంటింటి గట్టు మీద స్టీలు చెంచా, అయస్కాంతం పెట్టి, చిన్నపిల్లకి చెప్పినట్టు మొత్తం చెప్పాను.  అయ్యాక, అయితే పేపరు పడదు అంది. పడదన్నాను.

ఎవరైనా కనిపెట్టారా అంది. లేదు, నేనే అన్నాను. నువ్వు చెప్పకపోతే తెలుస్తుందా అంది. తెలియదేమో అన్నాను. లేచి నిలబడి అప్పుడంది. వాడు పోయాక మిగిలింది ఆ ఒక్క ముక్క. ఆ లారీవాడు వాణ్ణి తీసుకుపోయాడు. మిగిలినదాన్ని కట్టుకున్నదానివి నువ్వే తుడిచేస్తావటే?



జూలై 19

అత్తయ్య నాతో మాట్లాడటం లేదు. కంచం పెట్టి వెళ్ళిపోతోంది.

జూలై 21

అంతే.

జూలై 23

పేపరు వెనక్కి తీసుకుంటున్నామని జర్నల్‌కి పంపించాను. కారణం ఒక్క వాక్యంలో రాశాను.  పంపాక, తను పోయిననాటి కంటే ఒంటరిగా అనిపించింది. ఇంటికెళ్ళి చెప్పాను. అత్తయ్య సరే అంది. చాలా రోజుల తరవాత ఆవిడ నాతో అన్న మాట అది.

ఆగస్టు 2

గైడు మళ్ళీ పిలిచారు. వెనక్కి తీసుకుంటే సరిపోదు, ఇది అందరికీ చెప్పాలి అన్నారు. ఈ పొరపాటు ఎన్ని ల్యాబుల్లో జరుగుతోందో. చిన్న రేణువుల్లో కనిపించే అయస్కాంతత్వం అంతా నిజం కాకపోవచ్చు, కొంత గీకుడు వల్ల రావచ్చు అని రెండు పేజీల నోట్ రాద్దాం. డేటా వాడిది, కారణం కనిపెట్టింది నువ్వు. మొదటి పేరు వాడిది, రెండోది నీది.

నాకు మండింది. తన తప్పుని తన పేరుతోనే అచ్చేయిస్తారా అన్నాను. బతికున్నవాడైతే ఒప్పుకునేవాడో లేదో, చచ్చినవాడు కాదనలేడు కాబట్టి వేసేస్తారా అన్నాను. గైడుతో ఎప్పుడూ అలా మాట్లాడలేదు.  మీ అత్తగార్ని అడుగు, ఆవిడ వద్దంటే వద్దు అన్నారు.

ఆగస్టు 4

అడిగాను. తప్పక అడిగాను, వద్దంటుందనే అడిగాను.

అత్తయ్య అసలు వాడు ఎలా గీకేవాడో చూపించమంది. క్రూసిబుల్ లేదు, స్టీలు గ్లాసు తీసుకుని చెంచాతో చూపించాను. భుజం వంచాను. అలా కాదు, మణికట్టు తిప్పుతాడు అని నా చేతిలోంచి చెంచా లాక్కుంది. చిన్నప్పుడు పాలగిన్నె అడుగున అంటుకున్న మీగడ అలాగే గీక్కు తినేవాడట. గిన్నె తోమక్కర్లేకుండా తళతళలాడేదట. ఒరే, గిన్నెకి చిల్లు పడుతుందిరా అని అరిచేదట. చెబుతూ నవ్వింది. నవ్వుతూనే గట్టు మీద తల ఆనించి భోరుమంది. నేనూ. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం ఓదార్చుకోలేదు, ఎవరి ఏడుపు వాళ్ళం ఏడ్చాం.

ముఖం కడుక్కొచ్చి చెప్పింది. వెయ్యమను.

తప్పు కింద పేరు పడుతుంది అత్తయ్యా, మీకర్థమవుతోందా అన్నాను. అర్థం కాకేం, ఎక్స్ఛేంజిలో చేసినదాన్ని, నేను కలిపిన రాంగ్ నంబర్లు నావే కదా అంది. ఆ పేపర్లో పడ్డ నాలుగు లైన్లు ఎవడో చేసింది, వాడికి జరిగింది. ఇది వాడు చేసింది. తప్పో ఒప్పో వాడు చేతులారా చేసింది. దీని కింద ఉండనీ వాడి పేరు. ఇంటిపేరులో అక్షరం సరిగ్గా చూడు అంది.

ఆగస్టు 19

నోట్ రాస్తున్నాను. శీర్షిక గైడు పెట్టారు. పేర్లు నేను టైపు చేశాను. ఇంటిపేరు అక్షరం అక్షరం చదివి అత్తయ్యకి ఫోన్‌లో వినిపించాను. ఆ శిలువ గుర్తు కూడా నేనే పెట్టాను.

ఆగస్టు 27

నోట్‌లో పెట్టడానికి తప్పుని మళ్ళీ చేసి చూపాలి. రోజూ తన స్పాట్యులాతో ఆరు నానోమీటర్ల పొడి గీకుతున్నాను. అత్తయ్య చెప్పినట్టు మణికట్టు తిప్పి గీకుతున్నాను. క్రూసిబుల్ తెల్లబడింది. నా గీత తన గీతలో సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఎంత గీకినా అంతకు మించి లేవడం లేదు, మిగతా సగం తన చేతిలోనే ఉండిపోయింది.

సగం చాలమ్మా, విషయం రుజువైపోయింది అన్నారు గైడు.

నాకు చాలలేదు.